తల్లి ఉండగా హోమ్ ఎందుకు: పిల్లల సాయంలో చర్చిలు మార్చుకుంటున్న దారి

వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్ జిల్లాల్లో చర్చిల తరఫున నడిచే పిల్లల హోమ్‌లకు తాకిడంతా జూన్‌లోనే. 12న బడులు తెరుస్తారు. అంతకుముందు వారం పది రోజులు తల్లులు, అమ్మమ్మలు బట్టల సంచితో సహా పిల్లలను వెంటబెట్టుకుని పాస్టర్ ఇంటికో, మిషన్ కాంపౌండ్‌కో వస్తారు. చెప్పే మాటలు ఏటా ఇంచుమించు అవే. "ఆయన పోయిండు, అప్పు మిగిలింది." "తాగొచ్చి కొడ్తడు, పిల్లలు భయపడ్తున్నరు." "నేను కైకిలి పోతే ఆడపిల్ల ఒక్కతే ఇంట్ల ఉంటది." "మా ఊళ్లె బడి ఐదో తరగతి దాకనే." వీటిలో ఎక్కడా పిల్లకు ఎవరూ లేరన్న మాట లేదు. అయినా రిజిస్టర్‌లో పేరెక్కేసరికి ఆ పిల్ల అనాథ అయిపోతుంది. ఫొటో దాతల దగ్గరికి వెళ్తుంది.

ఇది మన దగ్గరే ఉన్న వింత కాదు. ప్రపంచమంతటా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. సంస్థల్లో పెరుగుతున్న పిల్లలు 50 లక్షలకు పైనే ఉంటారని 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెప్పింది. ఆ పిల్లల్లో చాలామంది పోగొట్టుకున్నది అమ్మను కాదు, ఇంట్లోకి వచ్చే సంపాదనను. సాయం ఆ సంపాదన ఆగిన చోట అందాలా, లేక పిల్లను ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్న చోటా అన్నదే ఇప్పుడు క్రైస్తవ సంస్థల మధ్య నడుస్తున్న అసలు వాదం. మొదటి పక్షానికే ఆధారాలు బలంగా ఉన్నాయి. అయితే ఆచరణలో అది అనుకున్నంత తేలిక కాదు.

హోమ్ అనే అలవాటు ఎలా వచ్చింది

జార్జ్ ముల్లర్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో అద్దె ఇంట్లో మొదలుపెట్టిన అనాథాశ్రమం, 1870 నాటికి ఐదు పెద్ద భవనాల్లో రెండు వేల మందికి పైగా పిల్లలను ఉంచే స్థాయికి పెరిగింది. చందా అడగకుండా ప్రార్థనతో నడిచిందన్న పేరు వల్ల మన చర్చిల్లో ఇప్పటికీ ప్రసంగాల్లో ఆయన కథ వినిపిస్తుంది. ఆ ప్రసంగాల్లో రాని సంగతి ఒకటుంది. ఆ సంస్థే 1958 నాటికి పెద్ద భవనాలను అమ్మేసి, చిన్న చిన్న కుటుంబ గృహాలకు మారింది.

మన ప్రాంతంలో కథ వేరే. ఇక్కడ ముందొచ్చింది బడి, దాన్ని అంటిపెట్టుకున్న బోర్డింగు. డోర్నకల్‌లో 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలం నుంచీ, మెదక్, కరీంనగర్ వైపు మెథడిస్టు మిషన్ల నుంచీ, హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నుంచీ బోర్డింగు అంటే మాల, మాదిగ పిల్లలు చదువుకునే దాదాపు ఏకైక దారి. నిజాం కాలంలో చాలా పల్లెల్లో బడే లేదు, ఉన్నచోట వీళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఆనాటికి అది సరైన జవాబు. ఆ బోర్డింగుల్లో చదివినవాళ్ల మనవళ్లే ఇప్పుడు హోమ్‌లకు చందాలిస్తున్నారు. కానీ ఇవాళ ఊళ్లో బడి ఉంది, మండలంలో ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి కేజీబీవీ ఉంది, ఐదో తరగతి నుంచి గురుకులాలున్నాయి. అప్పటి కారణం పోయింది, కట్టడం మిగిలింది.

విదేశీ స్పాన్సర్‌షిప్ కొరియా యుద్ధ కాలంలో పుట్టింది. వరల్డ్ విజన్ 1950లో, కంపాషన్ 1952లో మొదలయ్యాయి. మొదట్లో డబ్బు అక్కడి అనాథాశ్రమాలకే వెళ్లేది. తర్వాత రెండూ దారి మార్చాయి. కంపాషన్ స్థానిక చర్చి ద్వారా, ఇంట్లోనే ఉంటున్న పిల్లకు చదువు, వైద్యం, భోజనం ఇచ్చే పద్ధతికి వచ్చింది. ఆ పద్ధతి పనిచేస్తుందా అని బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు భారత్‌తో సహా ఆరు దేశాల్లో 10,144 మందిని పరిశీలించారు. సాయం అందుకున్నవాళ్లు అందుకోనివాళ్ల కంటే 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారని 2013లో తేల్చారు. పిల్ల ఇంట్లో ఉండగానే వచ్చిన ఫలితమిది.

ఇంటికి దూరంగా, మరీ పసితనంలో సంస్థలో పెరిగితే ఏమవుతుందో రొమేనియా చూపించింది. 1989లో చౌషెస్కూ పాలన కూలాక బయటపడ్డ ఆశ్రమాల్లోంచి 136 మంది పసిపిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతా సగం మంది ఎదుగుదలతో పోల్చి చూసిన అధ్యయనం 2000లో బుకారెస్టులో మొదలైంది. కుటుంబాలకు వెళ్లిన పిల్లలు తెలివిలో, మాటలో, మనుషులతో అనుబంధంలో ముందున్నారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. తిండికీ బట్టకూ లోటు లేకపోయినా, ఎత్తుకునే చేతులు పూటకోసారి మారిపోతే పసిబిడ్డకు జరిగే నష్టం ఇది. మూడేళ్లలోపు పిల్లలను చేర్చుకునే హోమ్ ఏదైనా ముందు జవాబు చెప్పుకోవాల్సింది దీనికే.

తర్వాత దారి వేగంగా మారింది. ఐక్యరాజ్యసమితి 2009లో ప్రత్యామ్నాయ సంరక్షణపై మార్గదర్శకాలు ఆమోదించింది. 2004లో మొదలైన క్రిస్టియన్ అలయన్స్ ఫర్ ఆర్ఫన్స్ లాంటి వేదికలు దత్తత గురించే కాదు, పిల్లలు ఇల్లు విడవకుండా చూడటం గురించీ మాట్లాడుతున్నాయి. కేథలిక్ రిలీఫ్ సర్వీసెస్ 2018లో భాగస్వాములతో కలిసి గ్వాటెమాలా, కెన్యా, మాల్డోవాల్లో ఆశ్రమాల పిల్లలను కుటుంబాలకు చేర్చే పని చేపట్టింది. కెన్యా ప్రభుత్వం 2022 నుంచి 2032 వరకు పదేళ్ల ప్రణాళికే వేసుకుంది. అనాథాశ్రమాల కోసం పిల్లలను తరలించడం కూడా బానిసత్వం కిందికే వస్తుందని ఆస్ట్రేలియా 2018 చట్టం సందర్భంగా గుర్తించింది. టికెట్ కొనుక్కుని వచ్చి రెండు వారాలు పిల్లలను ముద్దుచేసి వెళ్లే విదేశీ బృందాలకు ఈ మాట కటువుగానే ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే

స్పాన్సర్‌షిప్, బంధువుల పెంపకం, ఫోస్టర్ కేర్, హోమ్, దత్తత. ఈ ఐదింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. ఒక్కోదానికి చట్టంలో ఒక్కో తలుపు. అన్నిటికీ ఆధారం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. పిల్లను సంస్థలో ఉంచడం అన్ని దారులూ చూశాకే పట్టాల్సిన ఆఖరి దారి అని అందులోని మూడో సెక్షన్ సూత్రంగా రాసిపెట్టింది.

స్పాన్సర్‌షిప్ అంటే ఇక్కడ విదేశీ దాత కాదు. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద ప్రభుత్వమే నెలకు 4,000 రూపాయలు పిల్ల ఇంటికి ఇస్తుంది. భర్త పోయిన, విడిచిపెట్టిన తల్లి పిల్లలు, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బున్న పిల్లలు, అమ్మానాన్న ఇద్దరూ లేక బంధువుల ఇంట్లో ఉంటున్న పిల్లలు అర్హులు. ఇంటి ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. అమ్మమ్మ సాదుకుంటున్న పిల్లకు కూడా ఇది వస్తుందని చాలామంది పాస్టర్లకు తెలియదు. పైసా ఖర్చు లేకుండా చర్చి చేయగలిగిన పెద్ద మేలు, ఆ అమ్మమ్మను జిల్లా బాలల పరిరక్షణ విభాగం దాకా తీసుకెళ్లి దరఖాస్తు పెట్టించడం.

ఫోస్టర్ కేర్ అంటే బాలల సంక్షేమ సమితి (జిల్లాలో పిల్లల సంరక్షణపై ఉత్తర్వులిచ్చే అధికార బృందం) ఆదేశంతో, బంధుత్వం లేని కుటుంబం కొంతకాలం పిల్లను పెంచడం. దీనికీ నెలకు 4,000 రూపాయలే. 2024 మార్గదర్శకాల తర్వాత పెళ్లి కానివాళ్లు, ఒంటరివాళ్లు కూడా ముందుకు రావచ్చు. రెండేళ్లు బాగా సాగితే ఆ కుటుంబమే దత్తతకు అడగవచ్చు. చర్చికి నిజమైన బలం ఉన్న చోటు ఇదే, ఎందుకంటే సంఘంలో ఏ ఇల్లు ఎలాంటిదో చర్చి స్త్రీల సంఘమైన స్త్రీల మైత్రి సభ్యులకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. మన జిల్లాల్లో ఇప్పటికీ దీని వైపు చూసేవాళ్లు తక్కువ. పెంచుకున్నాక తిరిగి పంపాల్సి వస్తుందన్న బెంగ ఒక కారణం. కులం గురించి పైకి అడగని ప్రశ్న ఇంకో కారణం.

దత్తత పూర్తిగా వేరు. అది శాశ్వతం, తిరిగి పంపడం ఉండదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు కాబట్టి, ఒకప్పుడు వాళ్లు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండేవాళ్లు. బిడ్డకు వారసత్వం వచ్చేది కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం ఆ అడ్డు తీసేసింది. ఏ మతం వాళ్లయినా దాని కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టర్. దరఖాస్తు మాత్రం దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లోనే పెట్టాలి.

ఇక్కడొక ప్రమాదం. ఆస్పత్రిలో పెళ్లికాని అమ్మాయి ప్రసవించింది, సంఘంలో పిల్లల్లేని దంపతులున్నారు, మధ్యలో పెద్దమనిషిగా పాస్టర్. అందరి మనసూ మంచిదే. అయినా పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా పుచ్చుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా, లేదా రెండూ. మధ్యలో డబ్బు చేతులు మారితే అది అమ్మకం, ఐదేళ్ల దాకా శిక్ష. తల్లి బిడ్డను సమితి ముందు అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులుంటాయి. పాస్టర్ తోవలో ఆ 60 రోజులు ఉండవు. నష్టమంతా అక్కడే.

ఇక హోమ్. పిల్లల సంరక్షణ కోసం పూర్తిగానో, కొంతవరకో నడిచే ఏ ఇల్లయినా 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. గేటు మీద హాస్టల్ అని రాసినా, ప్రేయర్ హౌస్ అని రాసినా తేడా లేదు. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పడుకునే గదిలో ఒక్కో పిల్లకు 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది ఉండాలన్నవి నిబంధనలు. తల్లి స్వయంగా తెచ్చి వదిలినా సరే, సమితి ఆదేశం లేకుండా పిల్లను ఉంచుకోకూడదు. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో దొరికే పిల్లల్లాగా ఎవరూ వెంట లేని పిల్ల కనిపిస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, సమితికో తెలియజేయాలి. "రెండ్రోజులు మా దగ్గరుంచుకుని చూద్దాం" అనడం దయే కావచ్చు, చట్టం దృష్టిలో మాత్రం నేరం. అందుకు ఆరు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

ఒక ఇల్లు అనుకుందాం

పరకాల వైపు ఒక ఊరు. మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన మనిషి చనిపోయాడు. భార్యకు ముప్పై రెండేళ్లు. ముగ్గురు పిల్లలు: ఏడో తరగతి ఆడపిల్ల, మూడో తరగతి పిల్లాడు, అంగన్‌వాడీకి వెళ్లే చిన్నది. ఎరువుల దుకాణంలో బాకీ, బయట మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. రైతు బీమా 5 లక్షలు వస్తాయని ఊళ్లో అంటారు. రావు. అది 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకే. కౌలు రైతుకు లేదు. పుస్తకం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య ఈ 5 లక్షల తేడానే చాలాసార్లు పిల్లలను హోమ్ గేటు దాకా తెస్తుంది.

ఈ ఇంటికి సాయం మరణ ధ్రువీకరణ పత్రంతో మొదలవుతుంది. అది లేనిదే మరేదీ కదలదు. 21 రోజుల్లోపు గ్రామ పంచాయతీలో నమోదు చేస్తే రుసుము లేదు. నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ 21 రోజులు ఇట్టే గడిచిపోతాయి. పదకొండో రోజు దినం కూటికో, ఆదరణ కూడికకో వెళ్లే సంఘ పెద్ద ఆ రోజే పంచాయతీ కార్యదర్శితో మాట్లాడితే నెలల తిరుగుడు తప్పుతుంది.

పత్రం చేతికొచ్చాక మూడు దరఖాస్తులు ఒకేసారి పెట్టాలి. వితంతు పింఛను, నెలకు 2,016. ఇంటికి సంపాదించే మనిషి 18-59 ఏళ్ల వయసులో పోతే పేద కుటుంబానికి ఒకసారి ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం, 20,000. పిల్లలకు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. ఈ మూడోదానికి పిల్ల, తల్లి ఆధార్, ఆదాయ ధ్రువీకరణ, మరణ పత్రం, రేషన్ కార్డు, బడి నుంచి బోనఫైడ్, పిల్ల పేరున్న బ్యాంకు ఖాతా కావాలి. సామాజిక కార్యకర్త ఇల్లు చూసి నివేదిక రాస్తారు. సమితి దాటి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఆమోదిస్తేనే డబ్బు మొదలవుతుంది. ఆగేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టర్‌లో ఒకలా ఉండటం. బాప్తిస్మం పేరు ఒకచోట, ఇంటిపేరుతో పాత పేరు ఇంకోచోట ఉంటే ఇది తప్పకుండా తగులుతుంది. రెండు, ఐదేళ్లకూ పదిహేనేళ్లకూ చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ చేయించకపోవడం.

మంజూరైనా డబ్బు నెలనెలా టంచనుగా పడదు, కొన్ని నెలలది కలిపి పడుతుంది. చర్చి నిధికి అసలు పని ఇక్కడుంది. వంద ఇళ్ల సంఘం ఇంటికి 200 చొప్పున వేసుకుంటే నెలకు 20,000. అంటే ఐదుగురు పిల్లలకు ప్రభుత్వ డబ్బు వచ్చేదాకా 4,000 చొప్పున సర్దవచ్చు. తెలుగు సంఘాల్లో స్త్రీలు పొయ్యి మీద బియ్యం పెట్టేముందు పిడికెడు తీసి పక్కన పెట్టే ఆచారం పాతదే. పిడికిలికి 50 గ్రాములు, పూటకొకటి, రోజుకు రెండు పూటలు అనుకున్నా ఇంటికి నెలకు 3 కిలోలు, నలభై ఇళ్లకు 120 కిలోలు. మంచి ఆచారమే. కాకపోతే రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్న ఈ రోజుల్లో ఆ ఇంటి లోటు బియ్యంలో లేదు. బస్సు ఛార్జీ, మందులు, మిత్తి, పెద్దపిల్లకు శానిటరీ ప్యాడ్లు: లోటు అక్కడ. క్రిస్మస్‌కు పంచే దుప్పట్ల ఖర్చు వీటికి మళ్లిస్తే ఫొటో అంత బాగా రాదు, అంతే.

అప్పు సంగతి తేల్చకుండా ఇచ్చే ఏ సాయమైనా మిత్తికే పోతుంది. మూడు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు 3,000. పింఛను మొత్తం దానికి చాలదు. మహిళా సంఘం ద్వారా బ్యాంకు లోను తీసి బయటి అప్పు కట్టేయడం, దుకాణదారుతో కూర్చుని అసలు వరకే వాయిదాలకు ఒప్పించడం ఊరి పెద్దలు చేయగల పని. ఆ పెద్దల్లో పాస్టర్ కూడా ఒకరు.

పెద్దపిల్లను కేజీబీవీలో వేయవచ్చు. తల్లీతండ్రీ ఇద్దరూ లేని, ఒకరే ఉన్న ఆడపిల్లలకు అక్కడ ముందు అవకాశం ఇస్తారు. గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటారు, జూన్‌లో వెళ్తే లాభం లేదు. మరి అదీ హాస్టలే కదా అంటే, అవును. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ సంరక్షకురాలు తల్లే. దసరాకూ సంక్రాంతికీ పిల్ల ఇంటికొస్తుంది. ఆమె ఫొటో ఎవరి క్యాలెండర్ మీదా ఉండదు. అయినా మూడో తరగతి పిల్లాడిని, చిన్నదాన్ని ఇంటి నుంచి కదపకూడదు.

తిరిగి ఇంటికి పంపేటప్పుడు

ఇప్పటికే హోమ్‌లో ఉన్న పిల్లల సంగతి ఇంకా సున్నితం. విదేశీ నిధులపై ఆధారపడ్డ హోమ్‌లకు విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ గట్టి దెబ్బ. డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు పంచకూడదు, పాలనా ఖర్చు 20 శాతం మించకూడదు. అంతకుముందే, ముందస్తు అనుమతి నిబంధన వల్ల 2017 మార్చిలో కంపాషన్ భారత్‌లో పని ఆపేసింది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న పిల్లలు సుమారు 1.45 లక్షల మంది. డబ్బు ఆగిన నెలలో పిల్లలకు సంచి సర్ది బస్సెక్కించడాన్ని కుటుంబంతో కలపడం అని పిలవలేం. కలపడానికి ఓ క్రమం ఉంది. దానికి ఒక్కో పిల్లకు నెలల సమయం పడుతుంది.

మొదట ఇల్లు చూడాలి, అదీ చెప్పకుండా ఒకసారి, చెప్పి ఒకసారి. ఎవరెవరు ఉంటున్నారు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎదిగిన ఆడపిల్ల ఉండే గదికి లోపలి గడియ ఉందా, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా, తాగే మనిషి ఉంటే ఏ వేళకు వస్తాడు, పక్కింట్లో పిల్ల పరుగెత్తి వెళ్లగల మనిషి ఎవరు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే ఆ మనిషితో విడిగా మాట్లాడాలి. పిల్లతోనూ విడిగానే మాట్లాడాలి. వెళ్లనంటే ఎందుకో తెలిసేదాకా ఆగాలి. ఆ 'వద్దు' వెనక కొన్నిసార్లు ఇంట్లో జరిగిన లైంగిక హింస ఉంటుంది. అది తెలిసిన క్షణం నుంచి విషయం పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కిందికి వస్తుంది, పోలీసులకు చెప్పడం తప్పనిసరి. ఇంటికి పంపే ఆలోచన అక్కడితో ఆగిపోవాలి.

దసరా సెలవులకు మొదటిసారి, సంక్రాంతికి రెండోసారి పంపి చూసి, అంతా కుదిరితే వేసవి సెలవుల్లో పంపడం మంచిది. కొత్త బడి జూన్‌లో మొదలవుతుంది కాబట్టి చదువు మధ్యలో తెగదు. ఏడాది మధ్యలో పంపాల్సి వస్తే, ఎనిమిదో తరగతి లోపు పిల్లను టీసీ లేదని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధమని హెడ్మాస్టర్‌కు గుర్తుచేయాలి. ఆధార్‌లో హోమ్ చిరునామా ఉంటే పిల్ల బయల్దేరకముందే మార్పించాలి, లేకపోతే రేషన్ కార్డులో పేరెక్కదు. ఉత్తర్వు సమితిదే, హోమ్ సొంతంగా పంపడానికి లేదు.

పంపాక మొదటి నెల వారానికోసారి, ఆర్నెల్ల దాకా నెలకోసారి, తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి వెళ్లి చూడటం ఈ పనిలో పెట్టుకోదగ్గ లెక్క. వెళ్లడానికి తేదీలు కూడా తెలిసి ఎంచుకోవాలి. మన దగ్గర పిల్లలు బడి మానేది ఎక్కువగా పత్తి ఏరే అక్టోబర్-డిసెంబర్ మధ్య. ఆ నెలల్లో ఇంటికి కాదు, బడికి వెళ్లి హాజరు పట్టీ చూడాలి. పదో తరగతి పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో ఆడపిల్ల పెళ్లి మాటలు మొదలవుతాయి, అప్పుడు ఇంటికే వెళ్లాలి. హోమ్‌లో పదేళ్లు ఉన్న పిల్లకు ఇంటి ఇరుకు, అమ్మ మాటతీరు, కరెంటు పోయినప్పటి దోమలు అన్నీ కొత్తే. తమ్ముడు ఆమెను చుట్టంలా చూస్తాడు. మూడో నెలలో "నన్ను తీసుకుపోండ్రి" అని ఫోన్ రావడం మామూలే. అది ఓటమి కాదు. వెళ్లి కూర్చుని మాట్లాడాల్సిన రోజు అని దానర్థం.

ఖర్చు లెక్క కూడా చూడాలి. హోమ్ మూసినా వంటమనిషి, వార్డెన్, డ్రైవర్ జీతాలు వెంటనే ఆగవు. మారే రెండు మూడేళ్లు రెండు ఖర్చులూ నడుస్తాయి. దాతలకు ముందే ఈ మాట చెప్పని సంస్థలు సగంలో చిక్కుకుంటాయి. వార్డెన్లే తర్వాత ఇళ్లు తిరిగే కార్యకర్తలైతే మంచిది. పిల్ల ఎప్పుడు అన్నం మానేస్తుందో, ఎవరికి జవాబు చెప్తుందో వాళ్లకు తెలుసు. ఫొటోల పద్ధతి మాత్రం అప్పటికప్పుడే ఆపాలి. సంరక్షణలో ఉన్న పిల్ల ఎవరో తెలిసేలా ప్రచురిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. వాట్సాప్ స్టేటస్ విషయంలోనూ ఈ జాగ్రత్త తప్పదు.

ఇంటికి పంపలేని పిల్లలు

అందరూ ఇంటికి వెళ్లలేరు. నిజంగానే ఎవరూ లేనివాళ్లు, ఇల్లే ప్రమాదమైనవాళ్లు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు ఉంటారు. వైకల్యం ఉన్న పిల్లలే అందరికంటే ఎక్కువ కాలం సంస్థల్లో మిగిలిపోతారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌తో నెలకు 4,016 పింఛను వచ్చినా, తల్లి కూలికి వెళ్తే చూసుకునే మనిషి ఉండరు. ఇలాంటి ఐదారు కుటుంబాలకు పగటిపూట పిల్లలను చూసుకునే కేంద్రం ఒకటి చర్చి హాల్లో నడిపితే, ఆ పిల్లలు రాత్రికి ఇంట్లో పడుకోగలుగుతారు. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు ఆ హాలు తాళం వేసే ఉంటుంది మరి. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల కోసం ఒకప్పుడు ప్రత్యేక హోమ్‌లు పెట్టారు. ఇప్పుడు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోని హెచ్‌ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) కేంద్రంలో మందులు ఇస్తున్నారు, పిన్ని ఇంట్లో ఉండి కూడా వాడుకోవచ్చు. మందుకు టైము తప్పకుండా చూసే మనిషి ఒక్కరు చాలు.

హోమ్‌లోనో, ఇంకో కుటుంబంలోనో పెరిగే పిల్ల మతం, భాష, పుట్టిన నేపథ్యాలను గౌరవించాలని బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం చెబుతుంది. క్రైస్తవ హోమ్‌లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. విశ్వాసం సంగతి అటుంచినా, దీనికి కాగితాల మీద బరువైన ఫలితం ఉంది. మాదిగ పిల్లాడు హిందువుగా ఎస్సీ. రికార్డుల్లో క్రైస్తవుడని రాయిస్తే తెలంగాణలో బీసీ-సీ, ఆ కోటా 1 శాతం. లంబాడా, కోయ పిల్లలకు ఈ తేడా లేదు, ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. ఐదేళ్ల పిల్లాడి తరఫున బడి ఫారం మతం గడిలో వార్డెన్ రాసే ఒక్క మాట అతని పద్దెనిమిదో ఏట బయటపడుతుంది. ఆ గడిలో తల్లిదండ్రుల కాగితాల్లో ఉన్నదే రాయాలి.

పద్దెనిమిది నిండాక హోమ్ బాధ్యత అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్ల దాకా ఆర్థిక సాయం ఇవ్వవచ్చు, మిషన్ వాత్సల్యలో దానికీ నెలకు 4,000 ఉంది. దరఖాస్తు పదిహేడో ఏటే మొదలుపెట్టాలి. అప్పటికి ఆ పిల్లాడి చేతిలో సొంత చిరునామాతో ఆధార్, తన పేరుతో బ్యాంకు ఖాతా, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ ఉండాలి. తల్లిదండ్రుల కులం తెలియని పిల్లలకు ఇంకో దారి ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునే వాళ్లెవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన బడిలోనో ఆశ్రమంలోనో చేరిన పిల్లలు బీసీ-ఏ కిందికి వస్తారు. తహసీల్దార్ ఆఫీసులో దానికి ఆధారంగా చూపాల్సింది చేరిన నాటి సమితి ఉత్తర్వు, నమోదైన హోమ్ రిజిస్టర్ నకలు. నమోదు లేని హోమ్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం అక్కడ చెల్లదు.